బావి దగ్గర మొదలైంది

ప్రపంచాన్ని మార్చిన కుర్రకారు అనగానే మన కళ్లు స్వీడన్ వైపో, స్వాత్ లోయ వైపో పోతాయి. పొన్నూరు వాళ్లు అంత దూరం చూడక్కర్లేదు. నూరేళ్ల కిందట ఆ పని సొంత ఊళ్లో, సొంత ఇంటి బావి దగ్గర మొదలైంది.

పొన్నూరుకు రైల్లో వచ్చేవాళ్లు పొన్నూరు పేరున్న స్టేషన్‌లో దిగరు. తెనాలి దాటి, చుండూరు దాటి, రైలు నెమ్మదించేసరికి పసుపు బోర్డు మీద కనిపించే పేరు నిడుబ్రోలు. కొత్తవాళ్లు కంగారుపడి పక్కవాళ్లను అడుగుతారు. అలవాటైనవాళ్లు సంచి భుజాన వేసుకుని దిగిపోతారు. ఊళ్లు రెండూ ఎప్పుడో కలిసిపోయి ఒకే మునిసిపాలిటీ అయ్యాయి గానీ, రైల్వేవాళ్ల లెక్కలో మాత్రం నిడుబ్రోలు నిడుబ్రోలే.

ఆగస్టులో ఆ దారిన వస్తే కిటికీలోంచి కృష్ణా పశ్చిమ డెల్టా కనిపిస్తుంది. కాలువల నిండా ఎర్రనీళ్లు, నాట్లు పడుతున్న మడులు, గట్ల మీద కొంగలు. ఇన్ని నీళ్లున్న నేల మీద ఒకప్పుడు గుక్కెడు మంచినీళ్ల కోసం బావికి దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని కడవ పట్టుకుని ఎదురుచూసిన మనుషులుండేవారు. బావి ఎదురుగానే ఉంటుంది. గిలక తిరుగుతూనే ఉంటుంది. చేద మాత్రం వాళ్ల చేతికి రాదు.

1923లో నిడుబ్రోలులో ఒక రైతు కుటుంబం తన మంచినీటి బావిని దళితులకు తెరిచింది. ఆ పనికి పూనుకున్న కుర్రాడికి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. పేరు గోగినేని రంగనాయకులు. తర్వాత దేశమంతా ఆచార్య ఎన్.జి. రంగాగా పిలిచింది ఆయన్నే.

ఏటా ఆగస్టు 12న అంతర్జాతీయ యువజన దినోత్సవం వస్తుంది. ఆ వారమంతా ఫోన్లలో పోస్టర్లు, కాలేజీల్లో ఉపన్యాసాలు. మరోవైపు టీకొట్ల దగ్గర పాత పాటే: “ఈ కాలం కుర్రాళ్లకు ఫోను తప్ప లోకం పట్టదండీ!” ఉపన్యాసాలదీ, టీకొట్టుదీ ఒకటే పొరపాటు. ఉత్సాహం అనేది కుర్రాళ్లకు ఉండాల్సిన గుణమనీ, అది ఉంటే చాలుననీ రెండూ అనుకుంటాయి. రంగా కథ తీసినా, దుర్గాబాయి కథ తీసినా, నిన్నమొన్నటి పూర్ణ కథ తీసినా కనిపించేది వేరు. ఉత్సాహానికి ఏ కాలంలోనూ కొరత లేదు. కొరతల్లా చేద అందించే చేతికే.

నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు, అక్కణ్నుంచి మళ్లీ నిడుబ్రోలుకు

రంగా 1900 నవంబరు 7న పుట్టారు. తండ్రి నాగయ్య, తల్లి అచ్చమ్మ. ఊళ్లో బడి, గుంటూరులో కాలేజీ, ఆ పైన ఆక్స్‌ఫర్డ్. అక్కడ 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా అందుకున్నారు. సీమకు వెళ్లి చదివొచ్చినవాడు ఆ రోజుల్లో బారిస్టరో, కలెక్టరో కావాలి. ఈయన మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ పాఠాలకైనా ముడిసరుకు పల్లెల్లోదే. ఆక్స్‌ఫర్డ్ చదువుకున్నాక ఆయన రాసిన పుస్తకం కూడా మన పల్లెల ఆర్థిక వ్యవస్థ మీదే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. రంగాకు భూమి ఉంది, ఇల్లుంది, బావి ఉంది. తెరవడానికి తన చేతిలో ఏదో ఒకటి ఉన్న కుర్రాడాయన. కులం కట్టుబాటును కాదన్నప్పుడు ఊళ్లో మాటలు పడాల్సి వచ్చినా ఆయన పొలం ఎక్కడికీ పోదు. అదే బావిలో మొదటిసారి చేద వేసిన దళిత స్త్రీకి మర్నాడు కూలి దొరుకుతుందో లేదో! ఆ రోజు ఎక్కువ ధైర్యం చేసిందెవరు అని అడిగితే, ఈ కథనం మొగ్గు కడవ పట్టుకుని వచ్చినవాళ్ల వైపే.

అయినా రంగా పనిని తక్కువ చేయలేం. అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు మహాడ్ చెరువు నీళ్లు తాగిన సత్యాగ్రహం 1927లో జరిగింది. అంతకు నాలుగేళ్ల ముందే గుంటూరు జిల్లా మూలన ఒక ఊరి బావి దగ్గర ఈ మార్పు వచ్చింది.

రూపాయికి మూడణాలు

ఆ తరం కుర్రకారు ఎందుకంత వేడి మీద ఉందో తెలియాలంటే శిస్తు లెక్క తెలియాలి.

పొన్నూరుకు పడమటగా మెట్టకు పోతే పత్తీ, మిరపా పండే నల్లరేగడి. అక్కడ పెదనందిపాడు ఫిర్కాలో 1921-22లో రైతులు శిస్తు కట్టడం మానేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. ఊళ్లలో మునసబులూ, కరణాలూ రాజీనామా ఇచ్చేశారు. కుర్రాళ్లు శాంతిసేనగా ఏర్పడి ఊరూరా కాపు కాశారు. తెల్లదొరలు జప్తులకు దిగినా ఫిర్కా లొంగలేదు. చివరికి 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ ఉద్యమాన్నే ఆపేశారు గనక ఇక్కడా ఆగింది. చీరాలలోనైతే మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని జనం ఊరినే ఖాళీ చేసి, రామనగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎడింబరోలో చదివొచ్చి వాళ్లను నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకు అప్పటికి ముప్పై రెండేళ్లు. నలభై నిండకుండానే, 1928లో కన్నుమూశారు.

తర్వాత వచ్చింది ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం నగదులో కట్టాలి. ధర సగమైతే ఒక బస్తా అమ్మి తీర్చే బాకీకి రెండు బస్తాలు అమ్మాలి. ఇంటికి గింజలు మిగలవు. సరిగ్గా ఆ కాలంలోనే కృష్ణా, గోదావరి డెల్టాలో శిస్తును వందకు పద్దెనిమిదిన్నర పైచిలుకు పెంచాలని సర్కారు తలపెట్టింది. రూపాయికి మూడణాలన్నమాట. పల్లెలు భగ్గుమన్నాయి.

రంగా ఉద్యోగాన్నీ, మద్రాసునూ వదిలి ఊళ్ల మీద పడ్డారు. 1933లో నిడుబ్రోలులోనే రైతాంగ విద్యాలయం పెట్టారు. పేరుకు విద్యాలయం గానీ అక్కడ పట్టాలివ్వరు. రైతుబిడ్డలు వచ్చి శిస్తు అంటే ఏమిటి, జమీందారీ చట్టం ఏం చెబుతుంది, సభ ఎలా జరపాలి, అర్జీ ఎలా రాయాలి అన్నవి నేర్చుకుని వెళ్లేవారు. ఊరికి వెళ్లాక ఆ కుర్రాడే రైతు సంఘం.

ఆ నేర్పు ఎంత దూరం పోయిందో 1938లో తెలిసింది. ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతు యాత్ర తొమ్మిది జిల్లాలు దాటి మద్రాసు చేరింది. రెండు వేల మందికి పైగా మనుషులు, 130 రోజులు, 1,500 మైళ్ల నడక. దారిలో పోగైన 1,100కు పైగా అర్జీలను ఆ ఏడాది మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. బొబ్బలెక్కిన కాళ్లతో, మూటగట్టిన కాగితాలతో సభ గుమ్మం దాకా నడిచిన ఆ రెండు వేల మందిలో ఎక్కువమంది సంతకానికి బదులు వేలిముద్ర వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే అయ్యుంటారు.

ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో, బాపట్ల దగ్గర మంతెనవారిపాలెంలో యువకులకు వేసవి రాజకీయ పాఠశాలలు నడిచాయి. కొత్తపట్నం బడిని సర్కారు నిషేధించింది. ఈ బడులకయ్యే డబ్బూ, తిండి సామగ్రీ రైతులే సమకూర్చారు. ఉపన్యాసాలు ఇచ్చినవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. కుర్రాళ్ల కడుపు నింపిన బియ్యం ఏ ఇంటి గాదెలోవో అవి చెప్పవు.

ఆ బడుల్లో చదివినవాళ్లలో చాలామంది తర్వాత కమ్యూనిస్టులయ్యారు. రంగా కుడివైపు నడిచి 1959లో స్వతంత్ర పార్టీ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నవాళ్లు ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. గుంటూరు జిల్లా రాజకీయం తెలిసినవారికి ఇదేమీ వింత కాదు.

■ ఆచార్యుడి అర్ధశతాబ్దం
*1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన రంగా 1991లో లోక్‌సభ నుంచి విరమించుకున్నారు. యాభై ఏళ్ల పార్లమెంటు సభ్యత్వంతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. 1936లో లక్నోలో పుట్టిన అఖిల భారత కిసాన్ సభకు ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి; అధ్యక్షుడు స్వామి సహజానంద సరస్వతి. 1991లో పద్మవిభూషణ్. 1995 జూన్ 9న మరణించారు. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టుకుంది.*

రెండణాల టికెట్

రంగా తన ఇంటి బావిని తెరిచిన 1923లోనే, డిసెంబరు నెలాఖరున, కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల పిల్ల కాపలా. టికెట్ లేనిదే లోపలికి పంపొద్దని పెద్దలు చెప్పారు, ఆ పిల్ల ఆ మాట పట్టుకుంది. వచ్చిందేమో జవహర్‌లాల్ నెహ్రూ. జేబులో టికెట్టుకు రెండణాలు లేవు. లేకపోతే లేదు, బయటే ఉండమంది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే దారి వదిలింది.

ఆ పిల్లే దుర్గాబాయి. ఈ ముచ్చట పాఠ్యపుస్తకాల్లో చదివి నవ్వుకుని వదిలేస్తాం. దానికి రెండేళ్ల ముందు ఆమె చేసిన పని ఇంతకన్నా పెద్దది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. ఊళ్లోని దేవదాసీలూ, బురఖా దాటని ముస్లిం స్త్రీలూ ఆయన్ను చూడాలి, ఆయన మాట వినాలి అని పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. పిల్ల బెదిరి ఊరుకుంటుందనుకున్నారేమో! దేవదాసీలే ముందుకొచ్చి ఆ సొమ్ము పోగుచేశారు. సభ జరిగింది. ఐదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ అంతకు ఎన్నో రెట్లు ఉండిపోయారు. స్త్రీలు ఒంటి మీది గాజులూ, గొలుసులూ తీసి ఇచ్చారు. ఆయన హిందీ మాటలను తెలుగులో చెప్పింది దుర్గాబాయే. ఆ తర్వాత టౌన్‌హాల్ సభలో గుంటూరు పెద్దాయన కొండా వెంకటప్పయ్య అనువాదానికి సిద్ధంగా ఉంటే, గాంధీజీ ఆ పిల్లనే పిలిచారు.

రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదో ఏట పెళ్లయి, ఇంగ్లీషు బడి మానేసి, తోటి ఆడపిల్లలకూ, ఆడవాళ్లకూ హిందీ బడి నడిపిన పిల్ల ఆమె. బడి నడవడానికి ఇల్లు కావాలి, ఇంట్లో అమ్మ ఒప్పుకోవాలి. తల్లి కృష్ణవేణమ్మ ఒప్పుకోవడమే కాదు, తానూ కాంగ్రెస్ పనిలోకి దిగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలు, జైల్లో చూసిన స్త్రీల బతుకులు, బయటికొచ్చాక పట్టుపట్టి సాధించిన చదువు, ఆంధ్ర మహిళాసభ... ఇవన్నీ తర్వాతి కథ. రాజ్యాంగ సభలో దుర్గాబాయి ఉన్నారు, రంగా కూడా ఉన్నారు. 1923లో గుమ్మం దగ్గర ఒకరు, బావి దగ్గర ఒకరు నిలబడ్డ ఇద్దరూ పాతికేళ్ల తర్వాత ఒకే సభలో కూర్చున్నారు.

■ ఆగస్టు 12, తెనాలి
*ఐక్యరాజ్యసమితి 1999లో ఆగస్టు 12ను యువజన దినంగా ప్రకటించింది. తెనాలికి ఆ తేదీ అంతకుముందే బరువైనది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా హర్తాళ్‌లో జనం రైల్వే స్టేషన్‌ను తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వాళ్ల స్మారక స్తూపాలు తెనాలి రణరంగ చౌక్‌లో ఉన్నాయి.*

మళ్లీ నీళ్లే

నిడుబ్రోలు బావితో కథ సుఖాంతమైందని రాయాలని ఎవరికి ఉండదు? కానీ అదే రైలుమార్గంలో బాపట్ల దాటి చీరాలలో దిగి కొంచెం లోపలికి వెళ్తే కారంచేడు వస్తుంది.

1985 జులై 16 సాయంత్రం. దళితవాడ మంచినీటి చెరువు గట్టు మీద పెత్తందారీ కుటుంబాల కుర్రాళ్లు గేదెను కడుగుతున్నారు. కుడితి నీళ్లు తాగునీటిలోకి పోతున్నాయి. కత్తి చంద్రయ్య అనే దళిత బాలుడు ఇదేమిటని అడిగాడు. కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది, తన మీదికి వస్తే బిందె ఎత్తింది. అంతే. మర్నాడు పొద్దున్నే వాడ మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

చంద్రయ్య అడిగింది ఒక్క ప్రశ్న. నిడుబ్రోలు బావికి అరవై రెండేళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్నకు అంత ధర పలికింది.

చీరాల శిబిరానికి వచ్చి నిలబడ్డవారిలో పొన్నూరు సంస్కృత కళాశాల అధ్యాపకుడొకరు ఉన్నారు: కత్తి పద్మారావు. అప్పటికి ముప్పై రెండో ఏడు కూడా నిండలేదు. శతాబ్దాల పాటు తన వాళ్ల చెవిన పడకూడదన్న భాషను ఆయన పాఠంగా చెప్పేవారు. ఆ మాట ఒక్కటే చాలు ఆ తరం ఏ దారిన వచ్చిందో తెలియడానికి. న్యాయవాది బొజ్జా తారకంతో కలిసి 1985 సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభను నిలబెట్టారు. తారకం అధ్యక్షుడు, పద్మారావు ప్రధాన కార్యదర్శి. ఊరూరా దళిత విద్యార్థులు, యువకులు దానిలోకి వచ్చారు. పార్లమెంటు 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. దాని వెనక దేశంలో అనేక ఊళ్ల నెత్తురుంది. కారంచేడు వాటిలో ముందు వరుసలోది.

చట్టం వచ్చిన రెండేళ్లకు, 1991 ఆగస్టు 6న, నిడుబ్రోలుకు కొద్ది స్టేషన్ల అవతలే ఉన్న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. న్యాయస్థానమే ఊళ్లోకి రావాలని బాధితులు పోరాడారు, ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

అందిన చేద

దేశమంతా చూసిన ఈ కాలపు ఇద్దరు తెలుగు పిల్లల సంగతి కూడా చూద్దాం.

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్పినప్పుడు గురుకులాల పిల్లల్లో ఆమె ఒకరు. అక్కణ్నుంచి డార్జిలింగ్, లదాఖ్ శిక్షణ. పదహారేళ్లు నిండనివాళ్లను నేపాల్ ఎవరెస్ట్ ఎక్కనివ్వదు గనక టిబెట్ వైపు నుంచి పంపారు. 2014 మే 25న శిఖరం చేరేసరికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. పక్కన ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2022 కల్లా పూర్ణ ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది. పాకాలలో పిల్లల కాళ్లలో సత్తువ ఎప్పుడూ ఉంది. తాడూ, బూట్లూ, శిక్షణా, టికెట్ డబ్బులూ ఒక సర్కారీ బడి ద్వారా అందడమే కొత్త.

బొల్లా శ్రీకాంత్‌ది మచిలీపట్నం దగ్గర సీతారామపురం. పుట్టుకతోనే చూపు లేదు. ఈ బిడ్డను వదిలించుకొమ్మని అమ్మానాన్నలకు సలహా ఇచ్చినవాళ్లున్నారని ఆయనే చెప్పాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసైతే, అంధులకు ఇంటర్‌లో సైన్స్ ఇవ్వబోమన్నారు. ఒక టీచరు తోడు నిలిచారు, కోర్టుకెళ్లారు, గెలిచారు. పాఠాలు ఆడియోగా మార్చుకుని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ రమ్మంది. చదువయ్యాక అక్కడే ఉండిపోకుండా వచ్చి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు పని ఇచ్చాడు. ఆయన మీద 2024లో హిందీ సినిమా వచ్చింది. సినిమా కన్నా, వందల కోట్ల వ్యాపారం కన్నా ఆ కోర్టు తీర్పే గొప్పదనిపిస్తుంది. తర్వాత సైన్స్ చదవాలనుకున్న చూపులేని పిల్లలు మళ్లీ మెట్లెక్కకుండా దారి వేసింది అదే.

2018 ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని ఒంటరిగా కూర్చున్న పదిహేనేళ్ల గ్రేటా థన్‌బర్గ్‌ను లోకం చూసింది. తుపాకీ గుండు తిని లేచి, పదిహేడేళ్లకే 2014లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మలాలాను చూసింది. మలాలాకు సొంతంగా బడి నడిపే తండ్రి ఉన్నాడు. కృష్ణవేణమ్మ చేసిన పనే స్వాత్ లోయలో ఆయన చేశాడు.

పొన్నూరు కుర్రాళ్లు ఈరోజు చదువుకని గుంటూరుకూ, ఉద్యోగాలకని హైదరాబాద్, బెంగళూరులకూ నిడుబ్రోలులోనే రైలెక్కుతున్నారు. సంక్రాంతికి అక్కడే దిగుతున్నారు. వాళ్లు తిరిగొచ్చినప్పుడు ఊరు వాళ్ల చేతికి ఏ పని ఇస్తోంది? గ్రంథాలయం తాళం చెవి ఇస్తోందా, చెరువు పూడిక లెక్క చూడమంటోందా, గ్రామసభలో మాట్లాడనిస్తోందా? పెద్దలు వేసుకోవాల్సింది ఈ ప్రశ్నలే.

చివరిగా పాఠకులకు ఒక మనవి. రంగా పేరు విశ్వవిద్యాలయం మీద ఉంది. 1923లో ఆ బావి గట్టెక్కి మొదటి చేద వేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ బోర్డు మీదా లేవు. పొన్నూరు, నిడుబ్రోలు వాడల్లో ఆ మాట నానమ్మల నోట విన్నవాళ్లు ఇంకా ఉండొచ్చు. మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. పేరు, వరస, ఏ వీధి... అన్నీ కాగితం మీద పెట్టండి.